డాల్డా డబ్బా మీద రెండు దెబ్బలు

పోయిన వారం మనం భూమేష్‌ను దోహా బయట అల్ షహానియా రోడ్డు మీద, బస్సు స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే వదిలేసి వచ్చేశాం. పాపం, వారమంతా అలాగే ఉన్నాడు. అతని వెనక సీట్లలో అల్ సద్‌లో ఎక్కిన హైదరాబాదు ఆడవాళ్ళు ఒక పెళ్ళికూతురి మాంజాకు, అంటే పసుపు వేడుకకు, పసుపుపచ్చ బట్టల్లో కిలకిలలాడుతూ వెళ్తున్నారు. అందరికంటే ఆఖర్న ఎక్కిన పెద్దావిడ, అందరూ తహెరా ఆపా అని పిలిచే ఆవిడ, నల్ల బురఖాలో కిటికీ పక్కన కూర్చుని సన్నగా ఒక కూనిరాగం తీసింది. అది చెవిన పడగానే భూమేష్‌కు కళ్ళముందు రోడ్డు అలుక్కుపోయింది.

ఎందుకో, ఈ కథలోకి కొత్తగా చేరినవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పాలి. నలభై ఏళ్ళ కిందట బోధన్‌లో ‘మూన్‌లైట్ డిస్కో పార్టీ’ అని ఒక బృందం ఉండేది. ఆర్గన్ మీద రామకృష్ణారావు, గిటారు మీద సమద్, డ్రమ్ముల మీద భూమేష్, మైకు ముందు సమద్ చెల్లెలు తహెరున్నీసా, అంటే ఈ తహెరా ఆపానే. ఆర్మూరులో జరిగిన చివరి ప్రోగ్రాముకు ఆ అమ్మాయి రాలేదు. ఎందుకు రాలేదో భూమేష్‌కు ఈనాటికీ తెలియదు. తర్వాత తను గల్ఫుకు వచ్చేశాడు, పెళ్ళి చేసుకున్నాడు, భార్య సాయవ్వ పోయింది, జుట్టు నెరిసింది. ఇప్పుడు వీసా క్యాన్సిల్ అయ్యింది. ఈ వారంలోనే నిజామాబాదులో కూతురు సునంద ఇంటికి, ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోతున్నాడు. ఆ ఒక్క మాట అడక్కుండా పోవడమెలా అన్నదే అతని బాధ. మనిషి అడగ్గలడా అన్నది మన బాధ.

*

బస్సు ఎలాగో తోట గోడ పక్కన ఆగింది. ఆ తోట ఎవరో అరబ్బు షేకుది. శుక్రవారాల్లో వేడుకలకు అద్దెకిస్తాడు. గేటు దగ్గర పెళ్ళికూతురి తండ్రి హమీదుద్దీన్ నిలబడి ఆడవాళ్ళ ఫోన్లన్నీ ఒక గుడ్డసంచిలో వేయిస్తున్నాడు. లోపల ఆడవాళ్ళు తలమీద ముసుగు తీసి ఆడతారు, పాడతారు. ఒక్క ఫోటో బయటికి పోయినా పరువు పోయినట్టే. ఆయన భూమేష్ వైపు వేలు చూపించి కట్టె విరిచినట్టు చెప్పాడు.

“డ్రైవర్, వంటల షెడ్డు దాటి లోపలికి మాఫీ, రావద్దు. సమజైందా?”

“సమజైంది సాబ్.”

తహెరా ఆపా చివరగా దిగింది. భూమేష్ పక్కనుంచే వెళ్ళింది. ఆగలేదు, తల తిప్పలేదు. అత్తరు వాసన మాత్రం మెట్లమీద కాసేపు నిలిచింది. ‘పిలువురా భూమిగా’ అని లోపల ఎవరో పొడిచినట్టయింది. పిలవడానికి నోట్లో మాటేదీ? ఊరంతా ఆమెను ఆపా అంటుంది, అంటే అక్క. ఆ పిలుపు భూమేష్ నోట ఎట్లా వస్తుంది చెప్పండి. తహెరా అని పిలుద్దామంటే ఆ హక్కు ఎప్పుడో పోయింది. ఆ రెంటి నడుమ మనిషి నిలబడిపోయాడు. ఆవిడ తోటలోకి వెళ్ళిపోయింది.

వంటల షెడ్డు తోటలో వేడుక జరిగే హాలుకు వెనకవైపు గోడనానుకుని ఉంది. అక్కడ నర్సింలు బగారా అన్నం ఉడికే పెద్ద గిన్నెకు, అంటే దేగ్‌కు, కాపలా ఉన్నాడు. పక్క తోటలో ఒంటెల దగ్గర పనిచేసే మనిషి, సెలవు రోజుల్లో వంటవాళ్ళకు సాయం చేస్తుంటాడు. భూమేష్‌కు మంచి దోస్తు. పోయిన నెలలోనే భూమేష్ తన డ్రమ్ముల సంగతి అతనికొక్కడికే చెప్పాడు. నర్సింలు నమ్మలేదు. క్యాంపులో ఎంతమంది ఎన్ని కోతలు కోస్తారో అతనికి తెలుసు.

“అన్నా, మొకమేంది గట్ల గుంజుకపోయింది? షుగర్ డౌనయ్యిందా?”

“ఏం లేదు తమ్మీ.”

“ఏం లేకుంటే చాయ్ తాగు.”

భూమేష్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చాయ్ గ్లాసు పట్టుకున్నాడు. షెడ్డుకీ హాలుకీ మధ్య ఒక ఇనుప తలుపు ఉంది. గిన్నెలు లోపలికి అందించడానికి దాన్ని కొంచెం తెరుస్తారు, మళ్ళీ గొళ్ళెం పెడతారు. ఆ తలుపు అవతల కీబోర్డు మొదలైంది. ఒకటి రెండు మామూలు పెళ్ళిపాటలు అయ్యాయి. తర్వాత ఆడపిల్లలందరూ ఒక్కసారి గోల పెట్టారు. 

“చెమ్కీ రాత్రి! ఆపా, చెమ్కీ రాత్రి!”

నర్సింలు చేతిలో తెడ్డు అక్కడే ఆగిపోయింది. “వచ్చెరా పాట,” అన్నాడు. అని ఊరుకోకుండా నడుము కూడా ఊపాడు.

ఆ పాట కథ చెప్పకపోతే మీకు నర్సింలు ఊపు అర్థం కాదు. మూన్‌లైట్ వాళ్ళు హైదరాబాదులో ఒక ఇరుకు గదిలో ఒకే ఒక్క క్యాసెట్ రికార్డు చేశారు. ఊళ్ళో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గల్ఫుకు పోయే పిలగాళ్ళు నలుగురు పచ్చడి సీసాలతో పాటు బ్యాగులో పడేసుకున్నారు. ఇక్కడి క్యాంపుల్లో ఒక టేప్‌రికార్డరు నుంచి ఇంకోదానికి ఎక్కించుకుంటూ, ఎక్కించుకుంటూ, రూముకొకటి చేశారు. ఎండలో మాడి వచ్చి, స్నానం చేసి, లుంగీలు కట్టుకుని ఆ పాటకు గంతులేసేవారు. సెలవుల్లో ఇంటికి పోయేటప్పుడు మిలమిలలాడే సెంటు సీసాలతో పాటు అదే క్యాసెట్ మళ్ళీ పట్టుకెళ్ళారు. బోధన్‌లో పుట్టిన పాట దుబాయ్ పాట అనే పేరుతో బోధన్‌కు తిరిగొచ్చింది. అప్పుడు ఊరూరా మోగింది. పెళ్ళి బారాత్‌లో అది, గణేష్ మండపం దగ్గర అది, బస్టాండులో అది. ప్రోగ్రాములివ్వమని జనం వెతుక్కుంటూ వచ్చేసరికి పార్టీ విడిపోయి ఏడాదయ్యింది. పాట ఎదిగింది, పాడినవాళ్ళు లేరు.

విడిపోయినందుకే నిలిచిందేమో అని భూమేష్ అప్పుడప్పుడూ అనుకుంటాడు. ముసలివాళ్ళై, స్టేజీ మీద రొప్పుతూ పాడి చెడగొట్టడానికి ఎవరూ మిగల్లేదు కదా. ఇప్పుడు దానికి రీమిక్సులు, రీల్సు. దోహా కాలేజీ పిల్లలు కూడా దానికి ఆడతారు. అందులో అందరికీ ఇష్టమైన తావు ఒకటుంది. మొదటి చరణం అయ్యాక సంగీతమంతా ఆగిపోతుంది. చిన్న ఖాళీ. ఆ ఖాళీలో టక్ టక్ అని రెండు దెబ్బలు. అప్పుడు గొంతు అందుకుంటుంది. ఎక్కడ మోగినా జనం ఆ ఖాళీలో రెండు చప్పట్లు కొడతారు. అది ఏదో కంప్యూటరు వాయిద్యమని పిల్లలు వాదించుకుంటారు.

అది డాల్డా డబ్బా. కొట్టింది భూమేష్.

అందులో కళ ఏమీ లేదు, అవసరం ఉంది. తహెరున్నీసాకు గొంతు ఇచ్చిన దేవుడు తాళం ఇవ్వడం మర్చిపోయాడు. ఎప్పుడు అందుకోవాలో తెలిసేది కాదు. హుషారెక్కువై ముందే దూకేది. సమద్ అన్నగా కసిరేవాడు. రామకృష్ణారావు ఆర్గన్ మీద తల పెట్టుకునేవాడు. ఒకరోజు ప్రాక్టీసులో ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటే భూమేష్ చూడలేకపోయాడు. వంటింట్లోంచి ఖాళీ డాల్డా డబ్బా తెచ్చి డ్రమ్ముల పక్కన పెట్టాడు. ‘నువ్వు లెక్క వెట్టకు. నేను రెండు కొడ్త. అప్పుడు అందుకో,’ అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఎన్నడూ తప్పలేదు. ఆ రెండు దెబ్బలకు ముందు ఆమె అతని చేతి వైపు చూసేది, అతను ఆమె వైపు చూసేవాడు. వాళ్ళిద్దరి మధ్య జరిగిందంతా అంతే. ప్రేమ అనే మాట ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. రావలసిన అవసరం కూడా అప్పట్లో కనబడలేదు.

తలుపు అవతల తహెరా ఆపా పాట ఎత్తుకుంది.

“చెమ్కీ చెమ్కీ రాత్రిరా, చెంత నువ్వు లేవురా…”

గొంతు కాస్త బరువెక్కింది. అంచుల్లో కొంచెం బొంగురు చేరింది. అయినా అదే గొంతు. భూమేష్ గ్లాసు కింద పెట్టేశాడు. చరణం అయ్యింది. ఖాళీ వచ్చింది. లోపల ఆడవాళ్ళంతా రెండు చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆమె అందుకుంది.

“పలుకరా ఒక్కసారి, పక్కనుంటే చాలురా…”

ఆమెకు ఇప్పటికీ తాళం రాలేదు. ఆ సంగతి ఆ తోటలో ఒక్క భూమేష్‌కే తెలిసింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతు దాకా వచ్చి అక్కడ ఏడుపయింది.

“అన్నా, ఏడుస్తున్నవా?” అన్నాడు నర్సింలు. తెడ్డు పక్కన పెట్టి దగ్గరకొచ్చి కూర్చున్నాడు. “అయితే నువ్వు చెప్పింది నిజమేనా? గా డబ్బా నువ్వేనా?”

భూమేష్ తలూపాడు. నర్సింలు, చిన్నప్పుడు వాళ్ళ అమ్మ ఆ పాట పెట్టుకుని బీడీలు చుట్టేదని, నాయన మస్కట్‌లో ఉన్న ఏళ్ళన్నీ ఆ పాటతోనే గడిపిందని మెల్లగా చెప్పాడు. “మా అమ్మకు చెప్తే నమ్మది,” అని, ఉడుకుతున్న అన్నాన్ని చూడటానికి లేచాడు.

*

మగ్రిబ్ అజాన్ వినబడింది. లోపల పాట టక్కున ఆగింది. ఆడవాళ్ళు నమాజుకు లేచారు. బయట ఆకాశం ఎర్రబడి, రేసు ట్రాకు నుంచి ఒంటెలు వరుసగా ఇళ్ళకు తిరిగి వస్తున్నాయి, రౌతులకు బదులు వీపుల మీద చిన్న చిన్న మిషన్లను మోసుకుంటూ.

నమాజు అయ్యాక ఇనుప తలుపు కొంచెం తెరుచుకుని ఒకమ్మాయి తల బయటపెట్టింది. కీబోర్డు వాయించేది ఆమే. పేరు శిఫా. అల్ సద్‌లో ఒక క్లినిక్కులో మందుల దుకాణం చూసుకుంటుంది.

“నర్సింలు భాయ్, ఫుప్పమ్మకు చాయ్ కావాలె. షక్కర్ వద్దు.”

ఫుప్పమ్మ అంటే మేనత్త. భూమేష్ ఆ అమ్మాయి ముఖం చూశాడు. ఆ గడ్డం, ఆ సొట్ట, అచ్చం సమద్. పరిచయం అడగాల్సిన పనే లేకపోయింది.

“సమద్ బిడ్డవా?”

శిఫా దుపట్టా సర్దుకుని అనుమానంగా చూసింది. “హౌ, ఆయన బిడ్డనే. అబ్బా ఎరుకేనా మీకు? కరోనాల పోయిండు.”

సమద్ పోయిన సంగతి భూమేష్‌కు తెలియదు. గిటారు తీగ తెగితే సైకిలు బ్రేకు తీగ కట్టి వాయించిన మనిషి, పాన్‌షాపువాడు పారేసిన అద్దం ముక్కల్ని కుండకు అతికించి, దాన్ని స్టేజీ మీద తిప్పి ‘ఇదే మన డిస్కో బాలు’ అన్న మనిషి. ఏడవడానికి ఇది వేళ కాదని దిగమింగుకున్నాడు.

“మీ ఫుప్పమ్మకు చెప్పు బిడ్డా. బోధన్ భూమేష్ బయట ఉన్నడని చెప్పు.”

శిఫా కళ్ళు పెద్దవయ్యాయి. “డబ్బా భూమేష్ చాచానా మీరు?”

చాయ్ కూడా తీసుకోకుండా లోపలికి పరిగెత్తింది. తలుపు ఓరగా అలాగే ఉండిపోయింది. నర్సింలు పరిస్థితి కనిపెట్టి, దేగ్‌కు అటువైపు వెళ్ళి మంట ఎగదోస్తూ నిలబడ్డాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. అతన్ని తప్పు పట్టడానికి లేదు, మనమైనా అదే చేస్తాం.

తలుపు వెనక గాజులు కదిలాయి. మనిషి కనబడలేదు.

“దగ్గరకు రాకు,” అంది ఆ గొంతు. “ఆడనే ఉండు.”

“ఈడనే ఉన్న.”

“బస్సుల ఎక్కంగనే గుర్తువట్టిన. ఎన్కనుంచి. మెడ మీది మచ్చ చూసి. అందుకే రాగం తీసిన. బ్రేక్ ఏస్తవేమో చూస్తామని.”

భూమేష్ బిత్తరపోయాడు. అంటే ఆ కూనిరాగం ఊరికే తీసింది కాదు.

“రోడ్డు మీద బ్రేకెట్ల ఏస్త? ఎన్క నీళ్ళ ట్యాంకరుండె,” అన్నాడు.

తలుపు వెనక చిన్న నవ్వు లాంటిది వినబడి ఆగిపోయింది. “నువ్వెప్పటికీ గంతే. ఎన్కనో ముందటనో ఏదో ఒకటి ఉంటది నీకు.”

భూమేష్ మెడలో తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్ళీ చుట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్నను ఎన్ని రకాలుగా అడగాలో అన్ని రకాలుగా అనుకుని పెట్టుకున్నాడు. బస్సు తోలుతూ అనుకున్నాడు, రాస్ లఫాన్ గ్యాసు కంపెనీ షిఫ్టు వాళ్ళ కోసం చీకటిలో కాచుకుని అనుకున్నాడు. తీరా నోరు తెరిస్తే మూడే మాటలు వచ్చాయి.

“ఆర్మూరుకు ఎందుకు రాలే?”

“వచ్చిన.”

భూమేష్ తువ్వాలు చుట్టడం ఆపేశాడు.

“ఏం మాట్లాడుతున్నవ్?”

“వచ్చిన భూమేష్. అబ్బాజాన్‌కు నా ప్రోగ్రాముల సంగతి తెలిసిపోయె. సమద్ భాయిని కొట్టిండు, నన్ను అర్రలేసి తాళమేసిండు. అమ్మీ తాళం తీసింది. తన బురఖా నాకిచ్చి, ‘పో, ఈ ఒక్కపాలి పాడిరా, మల్ల నికా అయినంక యాడ పాడుతవ్’ అన్నది. బస్సెక్కి ఒక్కదాన్నే ఆర్మూరుకు వచ్చిన. లేటయ్యింది. స్టేజీ ఎనకకు పోనియ్యలే, ఎవలనో అనుకుని ఆడోళ్ళ దిక్కు కూసోవెట్టిండ్రు. నడుమ కనాత్ కట్టి ఉండె.”

కనాత్ అంటే ఆడవాళ్ళ వైపు చాటుకు కట్టే మందపాటి గుడ్డ. భూమేష్‌కు ఆ గుడ్డ గుర్తుంది. ఎర్రచారలది. దాని వెనక ఆమె కూర్చుని ఉంటుందని కలలోనైనా అనుకోలేదు.

“ఏడుస్త కూసున్న. మల్ల ధైర్యం తెచ్చుకున్న. మనసుల ఒకటే అనుకున్న. నేను లేకుంటే భూమేష్ డబ్బా కొట్టడు. ఎవలు చెప్పినా కొట్టడు. గది నాకోసమే పెట్టిండు. పాట మొదలువెట్టినా ఆ జాగల ఆగిపోతడు. ఆగంగనే నేను లేసి, కనాత్ పక్కకు జరిపి, నడుచుకుంట స్టేజీ ఎక్కుత. అబ్బాజాన్ చంపినా మంచిదే. గట్ల అనుకున్న.”

భూమేష్‌కు తర్వాత ఏం వస్తుందో తెలిసింది. ఆ రాత్రి రామకృష్ణారావు ఒక నాటకాల పిల్లను తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టి, వెనక తహెరా గొంతు మాత్రమే ఉన్న ప్రాక్టీసు టేపు పెట్టాడు. పెదవులు ఆడించమన్నాడు. జనం గోల చేస్తుంటే, ‘తహెరా దారిల ఉన్నదంట, అందాక నడిపిద్దాం, నువ్వు మొదలువెట్టు’ అన్నాడు భూమేష్‌తో.

“కొట్టినవ్,” అంది తహెరున్నీసా. “టక్ టక్ అని కొట్టినవ్. లేసి నిలవడ్డదాన్ని మల్ల కూసున్న. నా గొంతే స్పీకర్లకెళ్ళి వచ్చె. పక్కన ఓ ముసలమ్మ, ‘ఎంత మంచిగ పాడుతున్నదే పిల్ల’ అన్నది. నేను మల్ల బస్సెక్కి ఇంటికి పోయిన. నికాకు ఊఁ అన్న. ఫరీదుద్దీన్ సాబ్ మంచోడు, అల్లా ఆయనకు జన్నత్ ఇయ్యాలె. ‘మగోళ్ళ ముందట పాడకు, ఆడోళ్ళలో నీ ఇష్టం’ అన్నడు. మాట ఇచ్చిన. ఆయన పోయినంక కూడ నిలవెట్టుకున్న. ఇయ్యాల పెండ్లిపిల్ల ఆయన తమ్ముని బిడ్డనే. ఆ ఇంట్లనే ఉంటున్న.”

భూమేష్ లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియదు. తలుపుకు రెండడుగుల దూరంలో ఆగాడు.

“తహెరా,” అన్నాడు. పిలుపు దానంతట అదే వచ్చింది. “నేను ఆ పిల్ల కోసం కొట్టలే. ఆ పిల్ల మొకం సుత నాకు యాదికి లేదు. రావు సాబ్ నువ్వు దారిల ఉన్నవన్నడు. నేనేమనుకున్ననో ఎరుకేనా? నువ్వు ఆడనే యాడనో ఉన్నవ్, జనంల ఇరుక్కున్నవ్, నీకు తొవ్వ దొరుకుత లేదు. డబ్బా కొడితే ఇనవడతది. ఇనవడితే వస్తవ్. గందుకే గట్టిగ కొట్టిన. ఎన్నడు గంత గట్టిగ కొట్టలే. డబ్బా సొట్టవడ్డది. నిన్ను పిలుద్దామని కొట్టిన.”

ఒకే రెండు దెబ్బలు. కనాత్‌కు ఇవతల పిలుపు, అవతల ద్రోహం. నలభై ఏళ్ళు ఇద్దరూ చెరొకటి మోసుకు తిరిగారు. అందులో సగం ఏళ్ళు ఇదే దోహాలో, ఇవే రోడ్ల మీద. మీకెలా ఉందో గానీ నాకు మాత్రం ఆ రామకృష్ణారావును చెవి పట్టుకుని తెచ్చి ఇక్కడ నిలబెట్టాలని ఉంది.

“ఇప్పుడు చెప్తే ఏమైతది,” అంది ఆమె. “మంచి మాట చెప్పినవ్. మంచి మాట ఎవలైన చెప్పొచ్చు. నమ్మాల్నా వద్దా నాకు తెలుస్త లేదు.”

“నేను ఈ వారంల పోతున్న. ఫైనల్ ఎగ్జిట్. అబద్ధం చెప్పి నాకేమొస్తది?”

లోపల ఆడపిల్లలు ఆపా, ఆపా అని పిలుస్తున్నారు.

“ఒక పని చేస్త,” అంది. “ఆఖరు పాట మల్ల గదే పాడుత. చప్పట్లు కొట్టొద్దని పిల్లలకు చెప్త. ఆ జాగల నువ్వు కొట్టు. నోరు అబద్ధమాడతది గని నా గొంతుకు ఆడరాదు. నీకు ఎరుకే. నిన్ను నమ్మితే అదే అందుకుంటది. అందుకోకుంటే సలాం. నువ్వు బస్సు తోలుకుంట పో. నేను వేరే బండిల వస్త. మల్ల అడగొద్దు.”

తలుపు మూసుకుంది. లోపల గొళ్ళెం పడింది.

*

నర్సింలు మూలనున్న ఖాళీ నెయ్యి డబ్బా తెచ్చి, తువ్వాలుతో లోపలా బయటా తుడిచి, భూమేష్ చేతికిచ్చాడు. అగ్గిలో పెట్టబోయిన కట్టెల్లోంచి ఒక సన్నటి పుల్ల ఏరి, బెరడు గీకి అదీ ఇచ్చాడు. భూమేష్ డబ్బాను మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఒకసారి కొట్టి చూసుకుందామనిపించింది. వద్దనుకున్నాడు. ఇది కొట్టి చూసుకునేది కాదు.

పసుపు పూసుకున్న పెళ్ళికూతురిని లోపల ఆటపట్టిస్తున్నారు. నవ్వులు, గాజులు, పిల్లల పరుగులు. వాటి మధ్య ఆమె మైకులో నెమ్మదిగా ఏదో చెప్పింది. గోల సర్దుమణిగింది. శిఫా కీబోర్డు ఎత్తుకుంది.

“చెమ్కీ చెమ్కీ రాత్రిరా…”

ఈసారి ఆమె ఆడపిల్లల కోసం పాడటం లేదు. అది గోడ ఇవతలికి తెలుస్తూనే ఉంది. ఒక్కో మాట ఆచితూచి, గడప దాటించినట్టు పాడింది. భూమేష్‌కు ఇనుప తలుపు కనబడలేదు. బోధన్‌లో సమద్ ఇంటి వెనక రేకుల గది, రంగు కాగితాలు కట్టిన బల్బు, చెమ్కీలు కుట్టిన చొక్కా గరగర, కుండ తిరుగుతుంటే గోడల మీద పరుగెత్తే వెలుగు చుక్కలు, వాటి మధ్య తనవైపు తిరిగిన రెండు కళ్ళు. అవే కనబడ్డాయి.

చరణం అయ్యింది. కీబోర్డు ఆగింది. ఒక్క చప్పట్టూ లేదు.

భూమేష్ కొట్టాడు. టక్. టక్.

పాట రాలేదు.

లోపల ఎవరో చిన్నపిల్ల ‘ఆపా మర్చిపోయింది’ అంది. ఇంకెవరో ఊరుకోబెట్టారు. శిఫా ఒక స్వరం నొక్కి పట్టి ఉంచింది, చాలాసేపు ఉంచింది, తర్వాత వదిలేసింది. పాట రాలేదు.

“అన్నా, ఇంకోపాలి కొట్టు,” అన్నాడు నర్సింలు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

“లేదు తమ్మీ. రెండే.”

భూమేష్ డబ్బాను నేలమీద పెట్టాడు. పుల్లను దాని మీద పెట్టాడు. జేబులో బస్సు తాళం తడిమి చూసుకున్నాడు. అడిగింది తెలిసింది, ఇంక ఏం కావాలి అని తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నది తనకే సరిపోలేదు. గోడ వెంట బస్సు వైపు నడవడం మొదలుపెట్టాడు.

వెనక గొళ్ళెం తీసిన చప్పుడైంది.

తిరిగి చూశాడు. ఇనుప తలుపు పూర్తిగా తెరుచుకుంది. గడపలో తహెరున్నీసా నిలబడి ఉంది. బురఖా లేదు, పసుపుపచ్చ దుపట్టా తలమీద నుంచి జారింది. జుట్టు తెల్లబడింది. కళ్ళు మాత్రం సమద్ ఇంటి వెనక గదిలోంచి అలాగే లేచి వచ్చాయి. ఆమె వెనక హాలులో ఆడవాళ్ళు ముసుగుల కోసం తడుముకుంటూ, గోడ చాటుకు తప్పుకుంటున్నారు.

“అందుకోవాలనే చూసిన,” అంది. “గొంతు లేవలే. ఓసారి గుడ్డ ఎన్క కూసోని విని మోసపోయిన. మల్ల తలుపు ఎన్కకెళ్ళి ఎట్ల నమ్మాలె? నీ చెయ్యి చూడాలె నేను. ఈడికి వచ్చి కొట్టు. నా ఎదురుంగ.”

భూమేష్ వెనక్కి వచ్చి డబ్బా అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే తోట గేటు వైపు నుంచి చెప్పుల చప్పుడు దగ్గరైంది. భోజనాల సంగతి చూడటానికి మరో నలుగురు మగవాళ్ళను వెంటేసుకుని హమీదుద్దీన్ షెడ్డు మలుపు తిరిగాడు. తెరిచిన తలుపు చూశాడు. ముసుగు లేని వదినను చూశాడు. ఆమె ఎదురుగా డబ్బా పట్టుకున్న డ్రైవర్‌ను చూశాడు.

“భాభీ,” అన్నాడు. “లోపలికి పోండి.”

తహెరున్నీసా మరిది వైపు తల తిప్పలేదు. చూపు భూమేష్ చేతి మీదే ఉంది.

భూమేష్ పుల్ల ఎత్తాడు.